తవ్వకుండా వదిలిన దిమ్మె



కొన్నేళ్ళ కిందట ఒక ఏప్రిల్ నెల పొద్దున నార్పల వైపు ఒక పల్లెలో ఉపాధి హామీ పని చూడటానికి వెళ్ళాను. మెట్టపొలంలో ఫారంపాండు తవ్వుతున్నారు. ఏడు గంటలకే ఎండ చురచురమంటోంది. పైన జానెడు ఎర్రమట్టి, కిందంతా గరుసు. గడ్డపార పడిన చోటల్లా ఖంగుమని మోగుతోంది. మగవాళ్ళు తవ్వుతుంటే ఆడవాళ్ళు గంపలతో గట్టు మీదికి మోస్తున్నారు. ఆ గుంత నడుమ ఒక మట్టి దిమ్మె నిలబడి ఉంది. చుట్టూ అంతా తవ్వేశారు, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాని నెత్తిన నిరుటి గడ్డి పరకలు ఎండిపోయి అలాగే ఉన్నాయి.

"ఇదేందమ్మా, దీన్ని వదిలేసినారు?" అని అడిగాను.

గంప దించుకుంటూ ఒక పెద్దావిడ చెప్పింది. "అది మా సాక్షి సార్. మొదట్లో నేల యాడికి ఉండెనో అదే చెప్తాది. దాన్నీ తవ్వేస్తే మేమెంత లోతు తవ్వినామో ఎవురు నమ్ముతారు?"

కాసేపటికి టెక్నికల్ అసిస్టెంటు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. దిమ్మె నెత్తి మీద టేపు ఒక కొస ఆనించి, రెండో కొస గుంత అడుగు దాకా దించాడు. కూలీల లెక్క చూసే మేట్ దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు. అప్పుడా పెద్దావిడ చీర కొంగుతో మొహం తుడుచుకుని, "ఎంత రాసుకున్యావ్ నాయనా? అందరికీ ఇనపడేట్లు చెప్పు" అంది. మేట్ గొంతు పెంచి పొడవు, వెడల్పు, లోతు మూడూ చదివాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. లోపల ఏదో లెక్క కట్టుకున్నట్టుంది. "సరే" అని గంప ఎత్తుకుంది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ లేచారు.

ఇన్నేళ్ళయినా ఆ "సరే" నా చెవిలోంచి పోలేదు. ఈ రోజు నేను మాట్లాడబోయే విషయమంతా అందులోనే ఉంది. పనిచేసే చోట పైవాళ్ళ మీద కిందివాళ్ళకు నమ్మకం ఎలా పుడుతుంది? పుట్టిన నమ్మకం పనిలోకి ఎలా దిగుతుంది? పుస్తకాల్లో దీన్ని ఉద్యోగి నిబద్ధత అని రాస్తారు. మన ఊళ్ళలో అంతకంటే మంచి మాట ఉంది. "వాడు మనసు పెట్టి చేస్తాడబ్బా" అంటారు. అలా చేయనివాణ్ణి "పొద్దు పుచ్చుతాడు" అంటారు. ఒకే మనిషి ఒక చోట మనసు పెడతాడు, మరో చోట పొద్దు పుచ్చుతాడు. తేడా ఆ మనిషిలో ఉందా, ఆ చోటులో ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న అనంతపురం లాంటి చోట అడిగితే సమాధానం అంత తేలిగ్గా దొరకదు. మన నేల సంగతి మీకు తెలియనిది కాదు. పడమటి కనుమలు నైరుతి వానలను ఆపేస్తాయి, ఈశాన్య వానలు ఇంత దూరం వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా అదునులో పడితే. వేరుశనగ వేసి ఆకాశం వంక చూసే రైతు, చేను ఎండితే సంచి సర్దుకుని బెంగళూరు బస్సెక్కే కూలీ, మన కళ్ళ ముందు రోజూ కనిపించే మనుషులు. ఇలాంటి చోట నెల నెలా జీతం వచ్చే ఉద్యోగమంటే అది ఒక్క మనిషి ఉద్యోగం కాదు. దాని మీద ముసలి తల్లిదండ్రులు, బోరు కోసం చేసిన అప్పు, చెల్లెలి చదువు, అన్నీ వేలాడుతుంటాయి. దాన్ని వదులుకోవడం ఎవరి తరం?

1991లో కెనడాకు చెందిన జాన్ మేయర్, నటాలీ ఆలెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఉద్యోగి ఒక సంస్థను అంటిపెట్టుకుని ఉండటానికి మూడు రకాల కారణాలుంటాయని చెప్పారు. ఆ చోటు ఇష్టమై ఉండేవాళ్ళు, పోతే నష్టపోతామని ఉండేవాళ్ళు, ఉండటం తమ ధర్మం అనిపించి ఉండేవాళ్ళు. బయటినుంచి చూస్తే ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు. ముగ్గురూ తొమ్మిదిన్నరకే వస్తారు, ముగ్గురూ సంతకం పెడతారు. కరువు సీమలో రెండో రకం వాళ్ళే ఎక్కువ ఉండటం సహజం. అందుకే ఇక్కడి అధికారి, ఇక్కడి మేనేజరు, ఇక్కడి యజమాని ఒక పెద్ద పొరపాటు చేసే ప్రమాదం ఉంది. తన కింద పనిచేసేవాళ్ళు వెళ్ళిపోవడం లేదు కాబట్టి తనను నమ్ముతున్నారని అనుకుంటాడు. వాళ్ళు నమ్ముతున్నది తనను కాదు, ఒకటో తారీఖును.

దీన్ని నేను దగ్గరగా చూశాను. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక అటెండరు ఉండేవాడు. ఆవరణలో నాలుగు వేప మొక్కలు నాటాడు. ఎవరూ నాటమనలేదు. ఎండాకాలంలో, ఆదివారాలు కూడా, సైకిలుకు రెండు బిందెలు కట్టుకుని వచ్చి నీళ్ళు పోసేవాడు. ఒకరోజు బీరువా తాళాలు కనబడలేదు. మా పైఅధికారి అందరి ముందూ అతణ్ణి నిలబెట్టి జేబులు చూపించమన్నాడు. చూపించాడు. ఏమీ లేవు. మర్నాడు తాళాలు ఆ అధికారి బ్యాగులోనే దొరికాయి. ఆయన గొణుక్కుంటూ తాళాలు తీసుకెళ్ళి బీరువా తెరిచాడు. అటెండరుతో ఒక్క మాట అనలేదు. "పొరబాటయింది, ఏమనుకోవద్దు" అంటే సరిపోయేది. మేమంతా అక్కడే ఉన్నాం. మేమూ నోరు తెరవలేదు, ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఆ అటెండరు తర్వాత పదకొండేళ్ళు అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. ఒక్క రోజు ఆలస్యంగా రాలేదు. చెప్పిన ఫైలు చెప్పిన టేబుల్ మీద పెట్టేవాడు. రికార్డులో చూస్తే అతనంత మంచి ఉద్యోగి లేడు. వేప మొక్కలు మాత్రం ఆ వేసవిలోనే ఎండిపోయాయి.

మనిషి ఉండటం వేరు, మనసు ఉండటం వేరు అని నాకు అర్థమైంది ఆ మొక్కల దగ్గరే. మస్టరులో హాజరు పడుతుంది కానీ, ఎండిన మొక్కల లెక్క ఏ రిజిస్టరులోనూ పడదు.

ఇప్పుడు ఇదే అనంతపురంలో ఇంకో రకం కథ చెబుతాను. ఇది మీలో చాలామందికి తెలిసిన కథే. అయినా పనిచేసే చోటు అనే కోణం నుంచి ఒకసారి చూద్దాం.

1969లో ఒక విదేశీయుడు అనంతపురం వచ్చాడు. పేరు విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1920లో పుట్టాడు. 1952లో జెస్యూట్ మిషనరీగా మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల చేత బావులు తవ్వించే పని చేశాడు. ఆ పలుకుబడి కొందరికి కంటగింపయింది. 1968లో దేశం విడిచి వెళ్ళమన్నారు. అప్పుడు వేలాది రైతులు ఆయన కోసం రోడ్డెక్కి నడిచారు. ఇందిరాగాంధీ కలగజేసుకోవడంతో కొంతకాలం బయటికి వెళ్ళి మళ్ళీ రావడానికి వీలయింది. అలా తిరిగి వచ్చి దిగిన చోటు మన జిల్లా. మరుసటి ఏడాది ఆయన జెస్యూట్ సంఘాన్ని వదిలేశాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత్రికేయురాలు అన్నె పెర్రీని పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును, మనమంతా ఆర్డీటీ అని పిలిచే సంస్థను నిలబెట్టారు.

మొదట్లో పల్లెలు ఆయన్ను చూసి తలుపులు బార్లా తెరవలేదు. తెల్లదొర ఎందుకొచ్చాడు, మతం మార్చడానికి కాదా అనే అనుమానం ఉండింది. అది తప్పనలేం. బయటినుంచి వచ్చినవాణ్ణి అనుమానించే హక్కు ఊరికి ఉంటుంది. ఆ అనుమానం ఉపన్యాసాలతో పోలేదు. బావి, ఇల్లు, బడి, మందు, ఒకటొకటిగా కళ్ళ ముందుకు వచ్చాక పోయింది.

నాకు ముఖ్యమనిపించేది ఆ సంస్థ ఎన్ని ఇళ్ళు కట్టింది, ఎన్ని ఆసుపత్రులు పెట్టింది అన్నది కాదు. పనిని ఎవరి చేతుల్లో పెట్టింది అన్నది. పల్లెలో ఆరోగ్యం చూడటానికి ఎక్కడో చదివి వచ్చినవాళ్ళ కోసం కూర్చోలేదు. అదే పల్లె ఆడవాళ్ళను, ఎక్కువ చదువు లేనివాళ్ళను కూడా ఎంచుకుని, శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలను చేసింది. సర్కారు బడికి ముందూ తర్వాతా పిల్లలను కూర్చోబెట్టి చదివించే పల్లె బడులకు ఆ ఊరివాళ్ళనే టీచర్లుగా పెట్టింది. దళిత వాడల్లో, గిరిజన తండాల్లో పుట్టినవాళ్ళు ఆ సంస్థలో చేరి ఏరియా టీమ్ లీడర్ల దాకా ఎదిగారు.

ఒక్కసారి ఆ కాలానికి వెళ్ళి ఆలోచించండి. ఊరి బావిలో చేద వేయనివ్వని కులం నుంచి వచ్చిన ఆడమనిషి చేతిలో మందుల డబ్బా పెట్టారు. "ఈ ఊళ్ళో ఏ గర్భిణికి ఏ నెల, ఏ బిడ్డ ఎంత బరువు ఉంది, నువ్వే చూసుకోవాల" అన్నారు. ఆమెకు అప్పటిదాకా ఎవరైనా అప్పగించింది ఉంటే, కళ్ళం ఊడ్చే పనో పశువుల పేడ ఎత్తే పనో. అలాంటి మనిషి అర్ధరాత్రి కాన్పు నొప్పులు పడుతున్న ఇంటికి లాంతరు పట్టుకుని పరిగెత్తిందంటే, గౌరవ వేతనం కోసమా? ముందుగా ఆమెను ఎవరో నమ్మారు. ఆ నమ్మకాన్ని వమ్ము చేయకూడదని పరిగెత్తింది.

నాయకుడి మీద నమ్మకం అనగానే మనం కిందివాడు పైవాణ్ణి నమ్మడం గురించే మాట్లాడుకుంటాం. నా అనుభవంలో అది రెండో అంకం. మొదటి అంకంలో పైవాడు కిందివాణ్ణి నమ్మాలి. పైవాడికి అధికారం ఉంది, జీతం ఉంది, బదిలీ అయి పోయే వీలుంది. మోసపోతే అతనికి పోయేది కొంచెం. కిందివాడు మోసపోతే బతుకే పోతుంది. తక్కువ పోగొట్టుకునేవాడే ముందు చేయి చాపాలి. అదే న్యాయం.

ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు. బత్తలపల్లిలో ఆయన్ను సమాధి చేశారు. నలభై ఏళ్ళు ఇక్కడే ఉన్నారు. వానలు పడిన ఏళ్ళూ ఉన్నారు, వరుసగా మూడు పంటలు ఎండిన ఏళ్ళూ ఉన్నారు. మన జిల్లాకు పెద్ద పెద్ద అధికారులు ఎందరో వచ్చారు, మంచివాళ్ళే వచ్చారు. కానీ చాలామందికి ఇది ఒక మజిలీ. కరువు జిల్లాలో రెండేళ్ళు గడిపి మంచి పోస్టింగుకు పోవడం మామూలు. కింద పనిచేసేవాడు ఇది గమనిస్తాడు. "ఈ సారు ఎన్నాళ్ళుంటాడో" అనే లెక్క వేసుకునే పని మొదలుపెడతాడు. పైవాడు పొయ్యేదాకా పొద్దు పుచ్చితే చాలు అనుకుంటాడు. ఎక్కడికీ పోడని తేలిపోయిన మనిషి ముందు ఈ లెక్క సాగదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన పల్లెల్లో చాలా ఇళ్ళలో దేవుడి పటాల పక్కన ఫెర్రర్ ఫోటో కనిపిస్తుంది. ఆ కృతజ్ఞత నిజమైనదే, దాన్ని నేను గౌరవిస్తాను. అయితే నమ్మకం భక్తిగా మారితే ఒక చిక్కు ఉంది. భక్తుడు లెక్క అడగడు. లెక్క అడగని చోట మంచి నాయకుడి తర్వాత వచ్చేవాడు ఎలాంటివాడో ఎవరికీ తెలియదు. ఒక నాయకుడు ఎంత నమ్మదగినవాడో అతను పోయాక ఆ పని నిలబడిందా లేదా అన్నదే చెబుతుంది. ఆర్డీటీ విషయంలో అది నిలబడింది. అన్నె ఫెర్రర్, కొడుకు మాంచో, వాళ్ళతో పాటు ఇక్కడి పల్లెల్లోనే పుట్టి పెరిగిన వందలమంది ఉద్యోగులు దాన్ని నడిపించారు. 2020లో కొవిడ్ వచ్చి, మనుషులు మనుషులను చూసి తలుపులు వేసుకున్న రోజుల్లో, బత్తలపల్లి ఆసుపత్రి కొవిడ్ రోగులను చేర్చుకుంది. నర్సులు, వార్డుబాయిలు, అంబులెన్సు డ్రైవర్లు డ్యూటీకి వచ్చారు. ఫెర్రర్ పోయి అప్పటికి పదకొండేళ్ళు. 2025లో విదేశీ విరాళాల అనుమతి చిక్కులో పడినప్పుడు అనంతపురం వీధుల్లో జనం ఆ సంస్థ కోసం ర్యాలీలు తీశారు. మన్మాడ్ రైతులు నడిచినట్టే.

  

ఇక రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళదాం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక, దత్త మండలాలన్న పేరు పడిన ఈ సీమకు ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. అనంతపురాన్ని కేంద్రం చేసుకుని 1807 దాకా పనిచేశాడు. నేను ఆయన్ను దేవుణ్ణి చేయబోవడం లేదు. ఆయన కంపెనీ మనిషి, శిస్తు వసూలు చేయడానికి వచ్చినవాడు. సుమారు 80 మంది పాలెగాళ్ళను అణచివేసింది ఆయనే. అయినా పల్లెల్లో పుట్టిన పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. బెదిరించి పెట్టించగలిగిన పేరు కాదది.

ఆయన పద్ధతిలో రెండు సంగతులు నన్ను పట్టి నిలబెట్టాయి. మొదటిది భూమి కొలత. 1802లో సర్వే మొదలుపెట్టినప్పుడు, ఈ ప్రాంతం మొత్తంలో భూమి కొలవడం వచ్చిన గుమాస్తాలు నలుగురే దొరికారు. ఆ నలుగురి చేతే మిగతావాళ్ళకు నేర్పించారు. పోనుపోను వందమంది దాకా తయారయ్యారు. 33 అడుగుల గొలుసు పట్టుకుని పొలం పొలం తిరిగారు. ఒకరు కొలిచింది మరొకరు సరిచూసేవారు. నలుగురు స్థానిక గుమాస్తాలను నమ్మి అంత పెద్ద పని వాళ్ళ మీద నిలబెట్టడం, అదే సమయంలో ఎవరి కొలతనూ సరిచూడకుండా వదలకపోవడం. నమ్మకానికీ తనిఖీకీ పొత్తు కుదరదని చాలామంది అనుకుంటారు. ఆ గొలుసు పట్టినవాళ్ళకు రెండూ కలిసే నడిచాయి.

రెండోది, ఆయన ఇచ్చిన మాట. ఈ నేల మీద వేసిన శిస్తు బరువెక్కువని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రో సిఫారసు చేశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన స్వదేశం వెళ్ళిపోయాడు. తిరిగి మద్రాసు గవర్నరుగా వచ్చాక, 1820లో, ఆ నాలుగో వంతు తగ్గింపును అమలు చేశాడు. పదమూడేళ్ళ తర్వాత. "అప్పుడేదో అన్నాంలే" అని వదిలేసి ఉంటే అడిగేవాడు లేడు.

గవర్నరుగా ఉన్నప్పుడు, 1824 చివరి రోజున రాసిన ఒక అభిప్రాయ పత్రంలో, ఇక్కడివాళ్ళను చిన్న జీతాల చిన్న కొలువులకే కట్టేసి, పై పదవులకు దూరం పెట్టి, తిరిగి వాళ్ళలో నిజాయితీ లేదని నిందించడం తప్పని ఆయన వాదించాడు. బాధ్యతా గౌరవమూ తగిన జీతమూ ఇవ్వకుండా మనిషి నుంచి నిజాయితీ ఆశించకూడదని ఆయన వాదన సారం. రెండు వందల ఏళ్ళు దాటింది. కాంట్రాక్టు ఉద్యోగికి ఆరు నెలలకోసారి రెన్యువల్ కత్తి వేలాడదీసి, "వీళ్ళకు పని మీద శ్రద్ధ లేదండీ" అని నిట్టూర్చే పెద్దలు ఆ పత్రం చదివితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. 1827 జూలైలో, పదవి దిగి స్వదేశం పోయేముందు ఈ జనాన్ని ఆఖరిసారి చూడాలని వచ్చి, పత్తికొండలో కలరా తగిలి మన్రో చనిపోయాడు. మొదట గుత్తిలో సమాధి చేశారు.

ఆ గొలుసు నుంచి మళ్ళీ మన టేపు దగ్గరికి వద్దాం.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. అప్పట్లో మన రాష్ట్రంలో రోజు కూలి 80 రూపాయలు. అంతకుముందు కరువు పనులంటే జనానికి ఒకటే జ్ఞాపకం: కాంట్రాక్టరు, దొంగ మస్టరు, పొక్లెయిను తవ్వకం, కూలీల పేర వేలిముద్రలు. పనికి పోయేవాడికి తన కూలి తన చేతికి పూర్తిగా వస్తుందన్న నమ్మకం లేదు. నమ్మకం లేని చోట పని ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. గంప సగం నింపి, చెట్టు నీడ ఎక్కడుందా అని చూడటమే.

అదే ఏడాది ఈ జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. కూలీల కుటుంబాల్లో చదువుకున్న పిల్లలను తీసుకుని, శిక్షణ ఇచ్చి, రికార్డులు వాళ్ళ చేతికిచ్చారు. వాళ్ళు పల్లెల్లో గడప గడపా తిరిగారు. "అవ్వా, ఈ పుస్తకంలో నువ్వు పన్నెండు రోజులు పని చేసినట్టు ఉంది. చేసినావా?" అని అడిగారు. "యాడిది నాయనా, నాలుగు రోజులే పోతి" అని అవ్వ చెబితే రాసుకున్నారు. తర్వాత మండల కేంద్రంలో అందరి ముందూ, అధికారుల సమక్షంలో, పేరు పేరునా చదివారు. తిన్న డబ్బు అదే సభలో జనం ముందు తిరిగి కట్టిన సందర్భాలున్నాయి. 2009లో దీనికోసం రాష్ట్రంలో ప్రత్యేకంగా ఒక స్వతంత్ర సొసైటీనే ఏర్పాటు చేశారు. ఆ రకంగా దేశంలో చాలా రాష్ట్రాలకు ఇది దారి చూపింది.

అప్పుడు కొందరు అధికారులు బాధపడ్డారు. "మమ్మల్ని నమ్మరా? చదువురాని కూలీల ముందు నిలబెట్టి లెక్క అడుగుతారా?" అన్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. నిజాయితీగా పనిచేసేవాడికి అనుమానం ముల్లులా గుచ్చుకుంటుంది. కానీ నేను చూసినంతలో ఆ సభల వల్ల నిజాయితీపరుడికి నష్టం జరగలేదు. అంతకుముందు ఊళ్ళో అందరినీ ఒకే గాటన కట్టి "అందరూ దొంగలే" అనేవాళ్ళు. లెక్క చదివాక, "ఈ పిల్లోడు మాత్రం సరిగ్గా రాసినాడు" అనడం మొదలైంది. ఆ ఒక్క మాట కోసం ఆ కుర్రాడు ఎర్రటి ఎండలో టేపు పట్టుకుని తిరుగుతాడు.

పథకంలో లోపాలు లేవని నేననను. కూలి డబ్బు వారాల తరబడి ఆలస్యం కావడం పెద్ద లోపం. ఆలస్యమైన ప్రతిసారీ జనం నిలదీసేది ఢిల్లీని కాదు, ఎదురుగా కనిపించే మేట్‌ను, ఫీల్డ్ అసిస్టెంటును. పైన ఎవరో మాట తప్పితే కింద ఉన్న నాయకుడి పరువు పోతుంది. ఇది ప్రతి సంస్థలోనూ జరిగేదే. పెద్దాఫీసులో ప్రమోషన్ల ఫైలు కదలకపోతే సెక్షన్ సూపరింటెండెంటు మాటకు విలువ పోతుంది. ఫ్యాక్టరీలో బోనసు ఆగితే లైన్ లీడరు మొహం చూసి కార్మికులు మాట్లాడటం మానేస్తారు. పైవాళ్ళు సంతకం పెట్టే ముందు, తమ తరఫున జనానికి ఎదురుగా నిలబడాల్సిన ఆ మధ్యమనిషిని ఒక్క నిమిషం గుర్తు చేసుకోవాలి.

మన జిల్లా మారుతోంది. 2022లో రెండు జిల్లాలయింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వేరుశనగ చేలల్లోంచి నేరుగా కారు కంపెనీలోకి అడుగుపెట్టిన పిల్లలున్నారు. వీళ్ళు మొదటి తరం ఉద్యోగులు. వీళ్ళ నాయనలకు యజమాని అంటే అప్పిచ్చిన రైతో, బేల్దారి మేస్త్రీనో. సూపర్‌వైజరును ఎలా నమ్మాలో, ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ లెక్క అడగాలో వీళ్ళకు ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. ఈ పిల్లలు పనిచేసే చోట మొదటి ఏడాది ఏం చూస్తారో అదే వాళ్ళకు పాఠం. అదే వాళ్ళు రేపు తమ కింద పనిచేసేవాళ్ళకు చూపిస్తారు. అందుకే ఈ మాటలు ఇప్పుడు చెప్పాలనిపించింది.

ఆ రోజు నార్పల వైపు ఫారంపాండు దగ్గర, ఆ పెద్దావిడను చివరిగా ఒక ప్రశ్న అడిగాను. "ఈ మేట్ మంచివాడేనా అమ్మా?"

ఆవిడ నవ్వింది. "మంచోడో చెడ్డోడో నాకెట్ల తెలుస్తాది సార్? అడిగితే గట్టిగా చదివి చెప్తాడు. సాలు."

శ్రోతల్లో నలుగురికి పని చెప్పే స్థానంలో ఉన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. హెడ్మాస్టర్లు, బ్యాంకు మేనేజర్లు, మిల్లుల యజమానులు, ఆసుపత్రి సూపరింటెండెంట్లు, ఇంట్లో ఒక పనిమనిషిని పెట్టుకున్నవాళ్ళు. మీకు నాదొక మనవి. మీ దగ్గర పనిచేసేవాళ్ళ సెలవుల లెక్క, ఓవర్‌టైం లెక్క, కోతల లెక్క ఈ నెల నుంచి వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో రాసి, వాళ్ళు రోజూ వచ్చిపోయే దారిలో గోడకు అంటించండి. చదువు రానివాళ్ళుంటే మీరే నిలబడి గట్టిగా చదవండి. ఎవరైనా "ఇది తప్పు సార్" అంటే కోపం తెచ్చుకోకండి, పెన్ను తీసి సరిదిద్దండి. మీదే పొరపాటయితే, మీరు నిందించింది ఎవరి ముందో వాళ్ళ ముందే ఆ మాట ఒప్పుకోండి.